ఇసుక వేడెక్కకముందే: ఎండాకాలం మొదట్లో గోదారి ఒడ్డున పిట్టలు, ఫొటోలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. గోదారి ఒడ్డున పిట్టలు చూసేవాళ్లకి సీజన్ అక్కడే మొదలవుతుంది. ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా నదిలో రెండు రకాల పిట్టలు ఒకేసారి కనిపిస్తాయి. చలికాలం గడపడానికి ఉత్తరాది నుంచి వచ్చినవి తిరుగు ప్రయాణానికి కడుపునిండా మేస్తుంటాయి. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవి, నీళ్లు తగ్గి ఇసుక మేటలు బయటపడగానే, ఆ ఇసుక మీదే గుడ్లు పెట్టడానికి దిగుతాయి.

ఫొటోలు తీసేవాళ్లకి చిక్కంతా ఇక్కడే ఉంది. గూళ్లు నేల మీద ఉంటాయి కాబట్టి దగ్గరికి పోకూడదు. పోనీ దూరం నుంచి తీద్దామా అంటే, ఎండ ఎక్కిన కొద్దీ ఇసుక మీద గాలి అలలాడి ఫొటో మసకబారుతుంది. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఈ చిక్కు తీరదు. పొద్దున ఎన్నింటికి చేరాం, ఎటు తిరిగి కూర్చున్నాం, ఎంతసేపు కదలకుండా ఉన్నాం అన్న మూడింటి మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. కెమెరా సెట్టింగుల సంగతి తర్వాత.

ముందు దిక్కు చూసుకోవాలి. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్నాక గోదావరి ఆగ్నేయంగా సాగుతుంది. కాళేశ్వరం, ఏటూరునాగారం, మంగపేట మూడూ కుడిగట్టు మీదివే. అంటే మనం నిలబడేది నదికి నైరుతి వైపు. తిన్నగా అవతలి గట్టు వైపు చూస్తే పొద్దున సూర్యుడు మొహానికే తగులుతాడు, పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లా వస్తాయి. అదే ఎగువకు, నీళ్లు వచ్చే వైపుకు తిరిగి కూర్చుంటే వెలుతురు కుడిభుజం వెనక నుంచి పడుతుంది. సాయంత్రం దీనికి సరిగ్గా తలకిందులు: దిగువకు తిరగాలి. గట్టు కాస్త నదిలోకి ముందుకొచ్చిన చోటో, చిన్న మలుపో దొరికితే రెండు పూటలా పనికొస్తుంది. ధర్మపురి దగ్గర లెక్క వేరు. అక్కడ గోదావరి దక్షిణవాహిని, ఊరు పడమటి గట్టున ఉంది. పొద్దున అక్కడ నదికి ఎదురుగా నిలబడితే ఎదురెండే. కాబట్టి ధర్మపురికి సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లడం మేలు, గుడికి వచ్చేవాళ్లంతా స్నానఘట్టాల దగ్గరే ఉంటారు కాబట్టి కొంచెం దూరం నడవాలి.

మార్చి మధ్యలో ఈ ప్రాంతంలో పొద్దు పొడిచేది సుమారు ఆరుంపావుకి. ఏప్రిల్ నెలాఖరుకి ఆరు గంటల లోపే. అంతకు అరగంట ముందే ఒడ్డున కూర్చుని ఉండాలి. హన్మకొండ నుంచి ఏటూరునాగారం వంద కిలోమీటర్ల పైమాటే కాబట్టి రాత్రి తాడ్వాయిలోనో ఏటూరునాగారంలోనో ఉండిపోవడం నయం. తెల్లవారుజామున అడవిదారిలో బండి తోలాల్సి వస్తే నెమ్మదిగా పోవాలి. ముఖ్యంగా ఇప్పచెట్లు పూలు రాల్చే రోజుల్లో ఆ చెట్ల కిందికి చీకట్లో నడిచి పోవద్దు. ఇప్పపూలంటే ఎలుగుబంటికి ప్రాణం, అది వచ్చేది కూడా ఆ వేళకే.

ఇక ఎండమావి సంగతి, అదే ఇసుక మీద గాలి అలలాడడం. ఇసుక గాలికన్నా తొందరగా వేడెక్కుతుంది. ఇసుకను ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తూ, చల్లగాలితో కలిసి సుడులు తిరుగుతుంది. అందులోంచి వచ్చే వెలుతురు అటూ ఇటూ వంగుతుంది. మార్చిలో ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే మొదలవుతుంది, ఏప్రిల్‌లో ఇంకా ముందే. కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది: గాలి లేకపోయినా రెల్లుదుబ్బు అంచులు వణుకుతున్నట్టు కనిపిస్తాయి. అది కనిపించాక వంద మీటర్ల అవతలి పిట్టను ఎన్ని క్లిక్కులు తీసినా ఒక్కటీ పదునుగా రాదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. లెన్సులో ఏదో లోపం ఉందనుకుని ఫోకస్ సరిచేయించడానికి వరంగల్‌లో షాపులో ఇచ్చి వస్తారు. పిట్ట ముప్పై మీటర్ల లోపు ఉన్నప్పుడు అదే లెన్సుతో తీసి చూడండి, అనుమానం తీరుతుంది. లెన్సు వెనక తగిలించి బొమ్మను పెద్దది చేసే టెలికన్వర్టర్ పెడితే ఈ అలలు కూడా పెద్దవే అవుతాయి తప్ప వివరం పెరగదు.

దీన్ని పూర్తిగా తప్పించుకోలేం గానీ తగ్గించుకోవచ్చు. మనకూ పిట్టకూ మధ్య ఎండిన ఇసుక కన్నా నీళ్లు ఉండేలా చోటు ఎంచుకోవాలి, నీళ్ల మీది గాలి అంత తొందరగా వేడెక్కదు. ఎండెక్కాక ఇసుక మీద బోర్లా పడుకుని తీయడం కన్నా గట్టు మీద నుంచి తీస్తే నయం, ఎందుకంటే వేడిగాలి ఎక్కువగా ఉండేది నేలకు దగ్గరి పొరలోనే. కానీ పిట్ట కంటి ఎత్తులో తీసిన ఫొటోకి వచ్చే అందం గట్టు మీద నుంచి రాదు కదా. అందుకే పడుకుని తీసేవన్నీ ఏడున్నర లోపు, దగ్గరి పిట్టలతోనే కానిచ్చి, తర్వాత గట్టెక్కి కూర్చోవడం పద్ధతి.

ఇసుక మేటల మీద ఈ రోజుల్లో పెత్తనమంతా రివర్ టెర్న్‌లదే. పసుపుపచ్చని లావాటి ముక్కు, నల్లటి టోపీ, ఎర్రటి కాళ్లు, లోతుగా చీలిన తోక. ఫిబ్రవరి చివర్లో మగది చేపను ముక్కున కరుచుకుని ఆడదాని ముందు వాలి, తల ఎత్తి దించి, చివరికి నోటికి అందిస్తుంది. తీయాల్సిన ఫొటో అది. చేపతో వచ్చే పిట్ట నేరుగా వాలదు, ఒకటి రెండు చుట్లు కొడుతుంది. ఆ చుట్టులోనే ఫోకస్ పట్టి ఉంచుకోవాలి. వేటలో ఉన్న టెర్న్ నీళ్ల మీద ఎగురుతూ ముక్కు కిందికి దించిందంటే దూకబోతోందని గుర్తు. షట్టర్ వేగం సెకనులో 1/2500 వంతుకి తగ్గకూడదు, వెలుతురు ఉంటే 1/3200. తెల్లపిట్ట, వెనక నల్లటి నీళ్లు: కెమెరా నీళ్లను చూసి వెలుతురు పెంచేస్తుంది, ఒంటి మీద ఈకలన్నీ తెల్లగా కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే కెమెరా లెక్కకట్టిన వెలుతురును మనం పెంచే తగ్గించే సెట్టింగును, మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా దించాలి. అదే టెర్న్ తెల్లటి ఆకాశం మీదికి లేచిందంటే ప్లస్ 1 కావాలి. తిప్పడానికి టైం ఉండదు కాబట్టి ఎండ నిలకడగా ఉన్నప్పుడు మాన్యువల్‌లో, ఎండ పడ్డ కొంగ మీద వెలుతురు చూసుకుని బిగించేయడమే సుఖం. వెనక నీళ్లున్నా ఆకాశమున్నా పిట్ట మీద పడే ఎండ ఒకటే.

టెర్న్‌ల గుంపులో కాస్త చిన్నది, నారింజ ముక్కు, పొట్ట నల్లగా ఉన్నది కనిపిస్తే అది బ్లాక్ బెల్లీడ్ టెర్న్. ప్రపంచం మొత్తంలో అంతరించే ప్రమాదంలో ఉన్న పిట్ట. ఫొటో బాగా రాకపోయినా తారీఖు, చోటు రాసుకోవడం మరిచిపోవద్దు.

ఇసుక రంగులోనే కలిసిపోయే చిన్న ప్రాటిన్‌కోల్‌లను ముందు కంటితో పట్టడమే కష్టం. నడుస్తుంటే ఇసుకే లేచి ఎగిరినట్టు గుంపుగా లేస్తాయి. సాయంత్రం నీళ్ల మీద పురుగుల కోసం వానకోయిలల్లా తిరుగుతాయి, అప్పుడు వీటిని ఎగురుతుండగా తీయడం దాదాపు వృథా. పొద్దున్నే ఇసుక మీద కూర్చున్నప్పుడు తీయండి. ఫ్రేమంతా ఇసుకే కాబట్టి కెమెరా దాన్ని ముదురు చేస్తుంది, ప్లస్ 0.7 ఇవ్వాలి. ఇదే మేటల మీద పెద్ద పసుపు కళ్లతో, వంగిన మోకాళ్లతో నిలబడే పెద్ద పిట్ట గ్రేట్ థిక్‌నీ. పగలంతా కదలదు. బైనాక్యులర్‌తో మేటను ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకి నెమ్మదిగా వెతికితేనే దొరుకుతుంది.

జక్కవల మీద ఆశ ఉంటే మార్చి మొదటి పక్షం దాటనివ్వకండి. కవులు జంట విడిపోతే విలపించేలా చేసిన చక్రవాకాలు ఇవే. నారింజ ఒళ్లు, లేత తల, ఎగిరితే రెక్కల మీద తెల్లటి పట్టీ. మగదానికి మెడ చుట్టూ సన్నటి నల్ల గీత ఈ కాలంలో బాగా తేలుతుంది. మనిషిని చాలా దూరం నుంచే పసిగట్టి లేచిపోతాయి, కాబట్టి వాటి వెంట నడవడం పనికిరాని పని. అవి దిగే నీటి అంచుకి ఎదురుగా చీకటుండగానే కూర్చోవాలి. తోకాడించే వాగ్‌టెయిల్ పిట్టలు కూడా ఈ నెలలోనే రంగు మారతాయి: తెల్లవాటికి గొంతు కింద నల్లమచ్చ, పచ్చవాటికి కడుపంతా ముద్దపసుపు. ఏప్రిల్ నెలాఖరుకి ఇవి దాదాపు ఖాళీ.

మచ్చల లకుముకి పిట్ట, అదే నలుపు తెలుపుది, నేర్చుకునేవాళ్లకి మంచి గురువు. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ కొన్ని సెకన్లు నిలబడుతుంది, ఫోకస్ పట్టుకునేంత టైం ఇస్తుంది. 1/2500 లో రెక్కలు కూడా నిలుస్తాయి. 1/250 కి దించితే తల నిలిచి రెక్కలు పొగలా వస్తాయి, అదో అందం. రొమ్ము మీద రెండు నల్లపట్టీలుంటే మగది, మధ్యలో తెగిన ఒక్క పట్టీ ఉంటే ఆడది. చేప పట్టాక దాదాపు ఎప్పుడూ పాత కర్ర మీదికో రాయి మీదికో తిరిగి వస్తుంది. ముందే ఆ కర్ర మీద ఫోకస్ పెట్టి వేచి ఉంటే చేపను కర్రకేసి కొట్టే ఫొటో దొరుకుతుంది.

గట్టు మట్టిలో బొరియలు తవ్వే చిన్న పచ్చ బీ-ఈటర్‌లతో జాగ్రత్తగా ఉండాలి. ముక్కున తూనీగ పెట్టుకుని తీగ మీద అలాగే కూర్చుని ఉందంటే పోజిస్తోందని మురిసిపోవద్దు. బొరియ నోరు మనకు కనిపించే చోట మనం ఉన్నామని దానికి తెలుసు. మనం చూస్తుండగా లోపలికి పోవడానికి జంకుతుంది, పిల్లలు ఆకలితో ఉంటాయి. పక్కకి, బొరియ కనిపించని చోటుకి జరగండి. ఫొటో తీగ మీద కూడా వస్తుంది కదా.

ఇసుక మీది గూళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. గూడు అంటే గూడేమీ ఉండదు, చేత్తో గుండ్రంగా తీసినట్టు చిన్న గుంట, అందులో మచ్చల గుడ్లు. టెర్న్‌వి సాధారణంగా మూడు, తీతువువి నాలుగు. కాలి కింద పడేదాకా కనపడవు. కాబట్టి మార్చి మొదలయ్యాక ఇసుక దిబ్బల మీదికి ఎక్కకపోవడమే నియమంగా పెట్టుకోవాలి, తడి అంచు వెంబడి మాత్రమే నడవాలి. టెర్న్‌లు నెత్తి మీద తిరుగుతూ అరిచి దూకుతున్నాయంటే మనం హద్దు దాటేశామని. తీతువు రెక్క విరిగినట్టు నటిస్తూ ముందు ముందు పోతుంటే గుడ్లో పిల్లలో పక్కనే ఉన్నట్టు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగాలి, కొత్త దారి తొక్కితే ఇంకో గూడు మీద కాలు పడొచ్చు.

పిట్ట లేస్తే ఏమవుతుందిలే, మళ్లీ వస్తుంది కదా అనుకోవడం ఈ ఎండల్లో పెద్ద పొరపాటు. ఇక్కడ ఎండవేళ తల్లి గుడ్ల మీద కూర్చునేది వెచ్చబెట్టడానికి కాదు, నీడ ఇవ్వడానికి. ఏప్రిల్ మధ్యాహ్నం దూరం నుంచి తీతువును గమనించండి. గుడ్ల మీద నుంచి లేచి నీటి అంచుకు పరుగెడుతుంది, కాళ్లు మడిచి పొట్ట ఈకలు నీళ్లలో ముంచుతుంది, లేచి, మళ్లీ ముంచి, కారుతున్న పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఒక్కోసారి జంటలో రెండోది అప్పటికే నీటి దగ్గర నిలబడి వంతు కోసం చూస్తుంటుంది. ఆ నిమిషాల్లో మనం అడ్డం వెళితే కాలే ఇసుకలో గుడ్డు లోపలే ఉడుకుతుంది. అది కాకపోతే కాకి. మనిషి లేపిన పిట్ట గూడు ఎక్కడుందో చూసి పోవడం కాకులకు బాగా తెలుసు, కుక్కలకు కూడా. అందుకే మనం కూర్చున్నాక ఐదు నిమిషాల్లో పిట్ట గుడ్ల మీదికి రాకపోతే లేచి ఇంకా వెనక్కి పోవాలి. పిట్ట కూత రికార్డింగ్ వినిపించి పిలవడం, డ్రోన్ ఎగరేయడం గూళ్ల రోజుల్లో అసలు వద్దు. గుడ్లు తాకడం, తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

ఎండ ముదిరి నది పని అయిపోయాక కెమెరా సంచిలో పెట్టేయకండి, ఒడ్డు మీది మోదుగ చెట్టు దగ్గరికి నడవండి. కాముని పున్నమి రోజుల్లో ఆకు లేకుండా నిప్పులా పూసి ఉంటుంది. తేనెపిట్టలు, గోరింకలు, చిలుకలు, పికిలిపిట్టలు, ఏట్రింతలు ఒకే కొమ్మ మీద తగాదా పడతాయి. వలసపోయే ముందు గులాబీ గోరింకల గుంపులు కూడా దిగుతాయి, చలికాలంలో మట్టిరంగుగా ఉన్నవి ఈ నెలకి ఈకల అంచులు అరిగి నిజంగానే గులాబీ రంగు తేలతాయి. చెట్టు ఎత్తులో ఇసుక వేడి అంతగా తగలదు కాబట్టి పదింటిదాకా తీసుకోవచ్చు. మోదుగ ఎరుపుతో ఒక తిరకాసు ఉంది. కెమెరాలో వెలుతురు లెక్క చూపించే గ్రాఫు, అదే మామూలు హిస్టోగ్రామ్, అంతా బాగున్నట్టే చూపిస్తుంది గానీ ఎరుపు మాత్రం హద్దు దాటి, రేకుల మీది నూగు, మడతలు అన్నీ పోయి ముద్దగా వస్తుంది. మూడు రంగులు విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి అంచుకి తగలకుండా మైనస్ 0.7 వరకు దించి, రా ఫైల్‌లో, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్‌లో తీయాలి. మగ తేనెపిట్ట నీలి ఊదా మెరుపు మాత్రం ఒక్క కోణంలోనే వస్తుంది. ఎండ మన వెనక నుంచి పడుతూ అది మన వైపు తల తిప్పినప్పుడు మెరుస్తుంది, లేకపోతే నల్లపిట్టే. ఆ ఒక్క మలుపు కోసం వరసగా క్లిక్ చేయడమే, చిట్కా ఏమీ లేదు.

సామాను గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కెమెరాకన్నా ముందు 8×42 బైనాక్యులర్ కొనుక్కోవడం మంచిది, దిబ్బ మీద ఏముందో తెలియకుండా ఏం తీస్తాం? 400 మి.మీ. లెన్సు చాలు, 150-600 జూమ్ అయితే సుఖం. ట్రైపాడ్ కాళ్లు ఇసుకలో దిగబడతాయి. దానికన్నా గట్టి గుడ్డసంచిలో కిలోన్నర జొన్నలు పోసి కుట్టి, కట్టెల మీదో గట్టు మీదో పెట్టి లెన్సు ఆనించడం మేలు. ఒడ్డున లెన్సు మార్చొద్దు, మెత్తటి ఇసుక సెన్సార్‌కి చేరితే వదలదు. లెన్సు అద్దం మీద ఇసుక పడితే ముందు బ్లోయర్‌తో ఊదాలి, తువ్వాలతో తుడిస్తే గీతలు పడతాయి. తెల్లచొక్కా వద్దు, మట్టిరంగు బట్టలు కావాలి. ఒక్క పొద్దుటి పూటకే మనిషికి రెండు లీటర్ల నీళ్లు.

నదిని చిన్నచూపు చూడొద్దు. మోకాలి లోతు నీళ్లే కదా అని మేట మీదికి దాటేవాళ్లకి ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. నీళ్లు తీసిన కొత్త ఇసుకలో ఊబి ఉంటుంది, పైన ఎండిన పొర గట్టిగా కనిపించి కాలు పెట్టగానే దిగబడుతుంది. ఏటూరునాగారానికి ఎగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉంది. నీళ్లు ఆపినప్పుడు దానికి పైన మేటలు మునుగుతాయి, కింద బయటపడతాయి. వదిలినప్పుడు ఇటు నీళ్లు పెరుగుతాయి. పొద్దున నడిచి దాటిన పాయ తిరిగి వచ్చేసరికి అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. చేపలు పట్టేవాళ్లని, పుచ్చతోటల కాపలావాళ్లని అడిగితే ఈ వారం నీళ్లు ఎలా ఉన్నాయో, ఏ పాయ లోతో, ఏ దిబ్బ మీద తెల్లపిట్టలు దిగుతున్నాయో కూడా చెప్తారు. ఏటూరునాగారం అభయారణ్యం లోపలి దారుల్లోకి పోవాలంటే అటవీశాఖ వాళ్ల అనుమతి తీసుకోవాలి.

ఇంటికొచ్చాక ఫొటోలు ఏరుకునేటప్పుడు ముందు కంటి పదును చూసి, లేనివన్నీ తీసేయండి. ఎండమావి పాడుచేసిన ఫొటోని షార్పెనింగ్‌తో బాగుచేయలేం. చూసిన పిట్టల జాబితా, పిట్టల లెక్కలు దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే ఏ మేట మీద ఏ ఏడు ఎన్ని టెర్న్‌లు దిగాయో తర్వాతివాళ్లకి తెలుస్తుంది. అయితే గూళ్లున్న మేట పేరు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో రాయొద్దు. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ దాగి ఉంటుంది, దాన్ని తీసేసి పంపండి. గుడ్ల ఫొటో అయితే వానలొచ్చి నది నిండాక పెట్టుకోవచ్చు, అప్పటికి ఆ మేటే ఉండదు.